అధిక పీడనంలో సోడియం: సరళ లోహపు సంక్లిష్ట స్ఫటిక నిర్మాణాలు

వ్యాస సంగ్రహం:
పీడనం పెరిగేకొద్దీ లోహ పరమాణువులు మరింత కిక్కిరిసి అమరుతాయనేది పాఠ్యపుస్తకాలు కలిగించే భావన. సోడియం విషయంలో ఇది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అధిక పీడనం, సోడియం, స్ఫటిక నిర్మాణం, ప్రావస్థ మార్పు, ఎలక్ట్రాన్ స్థానీకరణ.

1. ఉపోద్ఘాతం:
సాధారణ పరిస్థితుల్లో సోడియంది అంతఃకేంద్రిత ఘన నిర్మాణం. పరమాణువులను దృఢ గోళాలుగా భావిస్తే అవి స్థలంలో 68 శాతాన్ని ఆక్రమిస్తాయి. ఫలక కేంద్రిత ఘన నిర్మాణంలో ఇది 74 శాతం. స్థిర ఉష్ణోగ్రత, పీడనాల వద్ద స్థిరమైన ప్రావస్థ గిబ్స్ శక్తి కనిష్ఠంగా ఉన్నదే. అందులో పీడనం, ఘనపరిమాణాల లబ్ధం ఒక భాగం. కనుక పీడనం పెరిగితే తక్కువ ఘనపరిమాణం గల నిర్మాణం వైపు మొగ్గు ఏర్పడుతుంది.

2. ప్రయోగ ఫలితాలు:
రెండు వజ్రాల మొనల మధ్య సూక్ష్మ నమూనాను నొక్కే డైమండ్ ఆన్విల్ సెల్, సింక్రోట్రాన్ ఎక్స్-కిరణ వివర్తనం ఈ పరిశోధనకు ప్రధాన సాధనాలు. సుమారు 65 గిగాపాస్కళ్ల వద్ద సోడియం ఊహించినట్లే ఫలక కేంద్రిత నిర్మాణం పొందుతుంది. అయితే సుమారు 103 గిగాపాస్కళ్ల వద్ద ఆ అమరికను వదలి, యూనిట్ సెల్‌లో 16 పరమాణువులున్న తక్కువ సౌష్ఠవపు నిర్మాణంలోకి మారుతుంది.

ద్రవీభవన స్థానం ప్రవర్తన మరింత విచిత్రమైనది. అది సుమారు 30 గిగాపాస్కళ్ల వద్ద 1000 కెల్విన్‌కు చేరి, తరువాత తగ్గుతూ 118 గిగాపాస్కళ్ల ప్రాంతంలో గది ఉష్ణోగ్రతకు దిగుతుంది. క్లాపెరాన్ సమీకరణం ప్రకారం, ఈ తగ్గుదల ఉన్నంతమేర ద్రవ సోడియం ఘన సోడియం కంటే సాంద్రమైనది.

సుమారు 200 గిగాపాస్కళ్ల వద్ద సోడియం పారదర్శకమవుతుందని, లోహ స్వభావాన్ని కోల్పోతుందని 2009లో మా యాన్‌మింగ్, ఒగనోవ్, ఎరెమెట్స్ తదితరులు ప్రకటించారు. ఈ ప్రావస్థలో పరమాణువు సమన్వయ సంఖ్య 12 కాదు, 6.

3. కారణం:
దృఢ గోళ నమూనా సంయోజక ఎలక్ట్రాన్లను లెక్కలోకి తీసుకోదు. దూరాలు తగ్గినప్పుడు అయాన్ అంతర్భాగాలు స్ఫటికంలో అధిక భాగాన్ని ఆక్రమిస్తాయి. పౌలీ వర్జన నియమం వల్ల సంయోజక ఎలక్ట్రాన్లు ఆ ప్రాంతాల నుండి తొలగి, పరమాణువుల మధ్య ఖాళీల్లో కేంద్రీకృతమవుతాయి. అక్కడ అవి ఋణ అయాన్లను పోలిన పాత్ర వహిస్తాయి. కనుక నిర్మాణం పరమాణువులతో పాటు ఎలక్ట్రాన్లకు కూడా చోటివ్వాలి. లిథియం విషయంలో ఇటువంటి ప్రవర్తనను నీటన్, ఆష్‌క్రాఫ్ట్ 1999లోనే సైద్ధాంతికంగా సూచించారు.

4. ముగింపు:
తరగతి గదిలో దృఢ గోళ నమూనా ఉపయుక్తమైన తొలి మెట్టు; దానినే సూత్రంగా బోధిస్తే పైన పేర్కొన్న ఫలితాలు అపవాదాలుగా మిగిలిపోతాయి. తీవ్ర పీడనంలో స్ఫటిక నిర్మాణాన్ని నిర్ణయించేది గోళాల కూర్పు మాత్రమే కాదు, ఎలక్ట్రాన్ల పంపిణీ కూడా.