యూరియా లైన్ల మనిషి

ఈ ముచ్చట రాయాల్నా, లోపటనే పెట్టుకోవాల్నా అని ఐదారు నెలల సంది కొట్టుకులాడుతున్న. ఎందుకంటే ఇందుల నేను మంచోన్ని కాను. మీటింగులల్ల మైకు పట్టుకొని ఒకరికొకరం ఆసరా కావాలె అని చెప్పెటోన్ని. గదే నోటితోని నేను ఏం అబద్ధమాడిన్నో ఇప్పుడు చెప్త.

2025 ఆగస్టు ఆఖరు. మా మానుకోట జిల్లాల యాడ సొసైటీ ముంగట చూసినా చెప్పుల లైన్లే. నిలబడే ఓపిక లేక మనిషి పక్కకు జరిగితే చెప్పు నిలబడ్డది. చెప్పులు ఎవడన్న జరుపుతడని కొందరు పట్టా పాస్‌బుక్కు జిరాక్సు పెట్టి దాని మీద రాయి పెట్టిన్రు. నేను నిలబడ్డ తావు పేరు చెప్ప, చెప్తే ముచ్చట ఆ ఒక్క ఆఫీసు మీదికి పోతది. నాకు ఎకరంన్నర వరి. నాటేసి నెల అయితున్నది. పిలకలు వేసే టైము. యూరియా గప్పుడు పడితేనే పడ్డట్టు. పదిహేను రోజులు దాటినంక బస్తా దొరికినా అది చేనుకు అక్కెరకు రాదు.

పొద్దుగాల నాలుగు కొట్టంగ పోయిన. నా ముంగట చెప్పులు ఒక తండా నుంచి వచ్చిన అవ్వయి. అరవై దాటినయి ఆమెకు. ఎనిమిది దాటినంక "బిడ్డా, నా చెప్పులు జర చూస్తుండు. ఇంత చాయ తాగి గోళీ వేసుకొని వస్త, షుగరు ఉన్నది నాకు" అన్నది. సరే అవ్వా, పోయి రా అన్న. ఆమె అట్ల పోంగనే లారీ వచ్చింది. లోడు సగమే ఉన్నది, మనిషికి ఒక్కటే బస్తా, అది సుత అందరికి అందది అని ఎవరో ఒర్రిన్రు. గంతే. లైను లేదు, గియిను లేదు. ఎవని చెప్పులు వాడు చేతిల పట్టుకొని షట్టరు కాడికి ఉరికిండు. నేను సుత ఉరికిన. ఆమె చెప్పులు నా కాలికి తాకినయి, తాకింది నాకు ఎరుకే. పోలీసులు వచ్చి మళ్ల లైను కట్టిచ్చేసరికి నేను ముప్పై మంది ముంగటికి పోయిన. అవ్వ వచ్చింది. అటు ఇటు చూసింది. నా దగ్గరికొచ్చి "నా చెప్పులేవి బిడ్డా?" అన్నది.

"నాకు తెల్వదవ్వా" అన్న.

266 రూపాయల యాభై పైసల బస్తా. నలభై ఐదు కిలోలు. నెత్తిన పెట్టుకొని బండి కాడికి వచ్చిన. ఆమెకు దొరకలే.

ఆ రోజులల్ల యూరియా కోసం సిగలు పట్టుకున్న ఆడోళ్ల వీడియోలు మీ ఫోన్లకు సుత వచ్చే ఉంటయి. కింద నవ్వే బొమ్మలు పెట్టిన్రు కదా జనం. మా హోటల్ కాడ గా వీడియో చూసుకుంట ఒక పెద్దమనిషి అన్నడు, "మనిషి గుణమే గంత. అవసరం పడితే కుక్క కంటె కనాకష్టం." ఇంకొకాయన కలికాలం అన్నడు. వెనుకట మనుషులు గిట్ల లేకుండె, ఇప్పుడే చెడిపోయిన్రు అని. ఈ రెండు మాటలు మీరు సుత రోజూ వింటరు. ఒకటి మనిషి ఎప్పటికీ గింతే అంటది, ఇంకొకటి మొన్నమొన్ననే ఖరాబైండు అంటది. రెండింటికీ ఫలితం ఒక్కటే, చేసేదేం లేదు, ఇంకో చాయ చెప్పు.

నాకు ఆ రెండు మాటలూ మింగుడు పడలే. ఎందుకంటే సరిగ్గ ఏడాది ముందు, 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 నాడు, గిదే జిల్లాల గిదే మనుషులను చూసిన. కొన్ని తావుల ఒక్క రోజు లోపటనే 40 సెంటీమీటర్ల పైన వాన పడ్డది. ఆకేరు, మున్నేరు ఊర్ల మీద పడ్డయి. కేసముద్రం, ఇంటికన్నె నడుమ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. ఎక్కడి రైళ్లు అక్కడ ఆగిపోయినయి. మన భాష రానోళ్లు, మన మొహం ఎన్నడూ చూడనోళ్లు, చంటి పిల్లలతోని డబ్బాలల్ల కూసున్నరు. చుట్టుపక్కలోళ్లు అన్నం వండి మోసుకపోయిన్రు. ఆ పక్క ఖమ్మంల ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది మున్నేరు నడుమ చిక్కుకుంటే, హర్యానా నుంచి బతుకుదెరువుకు వచ్చిన డ్రైవరు ఒకాయన జేసీబీ తీసుకొని వరదలకు పోయి తోలుకొచ్చిండు. వాళ్లు ఆయనకు చుట్టాలా, పక్కాలా?

నేను సుత పోయిన. మూడొద్దుల తర్వాత మరిపెడ దిక్కు సీతారాం తండాకు మేము నలుగురం బియ్యం, దుప్పట్లు పట్టుకొని పోయినం. ఇండ్లల్ల మోకాలి మంటి బురద. బియ్యం డ్రమ్ములల్ల మొలకలు. గా బురదల నిలబడి ఒకామె ఇటుకల పొయ్యి పెట్టి మాకు చాయ చేసి ఇచ్చింది. మేము ఇయ్యవోయినం, ఆమె మాకు పెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి మనిషి మీద మస్తు గొప్పగ ఒక వ్యాసం రాసిన. పేపర్ల సుత వచ్చింది.

ఏడాదికే నేను అవ్వ చెప్పులు తెల్వదన్న. మరి ఏ మనిషి అసలు మనిషి?

ఇక్కడ నన్ను నేనే ఒక ప్రశ్న అడుక్కున్న, అది జర చేదుగనే ఉన్నది. వరదల చేసిన సాయం నిజంగ అంత పెద్దదా? రైల్ల ఉన్నోడు రేపు వెళ్లిపోతడు. వాడు నా చేన్ల నీళ్లు అడగడు, నా బిడ్డ సీటుకు పోటీ రాడు, నా యూరియా బస్తా గుంజుకోడు. వానికి అన్నం పెడితే నాకు తగ్గేది గిన్నెడు అన్నం, పెరిగేది నా కడుపుల సంబురం. లైన్ల నా ముంగట నిలబడ్డ అవ్వ అట్ల కాదు. ఆమెకు దొరికితే నాకు దక్కదు. పెట్టుడు అలకటి పని, సమానంగ నిలబడుడు కష్టం.

ఈ మాట అనుకుంటుంటే మా డోర్నకల్ బిషప్ అజరయ్య యాదికొచ్చిండు. నేను గుళ్లకు, చర్చిలకు పోయెటోన్ని కాను గని ఊర్ల ఉన్నోనికి ఆ కట్టడం కనవడకుండ ఉండదు. 1939ల తెరిచిన ఆ కెథడ్రల్‌ల గుడి స్తంభాలున్నయి, మసీదు గుమ్మటాలున్నయి. తిరునెల్వేలి దిక్కు నుంచి ఈడికి వచ్చిన అజరయ్య 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల మొట్టమొదటి భారతీయ బిషప్. అంతకు ముందు 1910ల స్కాట్లండ్‌ల ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల సభ అయింది. తెల్లదొరల ముంగట నిలబడి ఆయన చెప్పిన మాటల సారం ఏందంటే, మీరు మా పేదలకు ఆస్తులిచ్చిన్రు, ప్రాణాలు సుత ఇచ్చిన్రు, గని మాతోని దోస్తాన చేస్తలేరు, మాకు కావాల్సింది దోస్తులు. దానం చేసిన చెయ్యి పక్కన కూసుండవెట్టుకోలే అని ఆయన బాధ. ఆ సభల శానమందికి కోపమొచ్చిందంట. రాదా మరి.

మనిషి గుణం గురించి పెద్ద పెద్దోళ్లు కొట్లాడుకున్నరు. అందరినీ అదుపుల పెట్టే రాజ్యం లేకపోతే మనిషికి మనిషే శత్రువు అని ఇంగ్లండుల హాబ్స్ 1651ల రాసిండు. కాదు, జీవాలు బతికి బట్టకట్టింది ఒకదానికొకటి సాయపడే అని రష్యా మనిషి క్రొపోట్కిన్ 1902ల పుస్తకం వేసిండు. నేను పదో తరగతి దాటనోన్ని, వీళ్లిద్దర్ల ఎవరు గెలిచిన్రో తీర్పు చెప్ప. నాకు అక్కెరకొచ్చింది మన దేశంల జరిగిన ఒక చిన్న పరీక్ష. తమిళనాడుల 464 మంది చెరుకు రైతులకు ఒక బుద్ధి పరీక్ష పెట్టిన్రు. ఒకసారి చెరుకు కొట్టక ముందు, అప్పులు మీద పడి చేతిల పైస లేనప్పుడు. ఇంకోసారి చెరుకు అమ్మి పైసలొచ్చినంక. 2013ల అచ్చయింది. అదే రైతు, అదే తలకాయ. గని పైస లేనప్పుడు మార్కులు తక్కువొచ్చినయి, వచ్చినంక పెరిగినయి. కరువు కడుపులనే కాదు, నెత్తిల సుత ఉంటదన్నట్టు. లేనితనం ఒక్కదాన్నే చూపిస్తది, పక్కనున్న మనిషిని కనవడనియ్యది. గా పొద్దుగాల షట్టరు తప్ప నాకు ఇంకేం కనవడలే. ఇది నన్ను నేను కాపాడుకునేందుకు చెప్తలే. అవ్వ చెప్పులు కాలికి తాకింది నాకు ఎరుకే అని ముందే చెప్పిన.

అయితే కొరత ఉన్న ప్రతి కాడా మనుషులు గిట్లనే కొట్టుకుంటరా? గిది అసలు ప్రశ్న. దీనికి జవాబు మా ఇంట్లనే ఉన్నది. మా తాత నీరటి. చెరువు తూము ఎత్తుడు, మడి మడికి నీళ్లు పారిచ్చుడు ఆయన పని. చెరువు సగమే నిండిన ఏడు తైబందీ వేసెటోళ్లు. అంటే ఈ యాసంగికి ఉన్న నీళ్లు గిన్ని, గింత భూమికే పారుతయి అని నాట్లకు ముందుగాలనే తేల్చుడు. ఎవ్వరి మడికి ఎప్పుడు తిప్పాల్నో నీరటికి ఎరుక, ఎవ్వరు తూము కాడికి పోవద్దు. పంటకు కల్లం కాడ నీరటికి ఇంత మేర. నీళ్లు మస్తు ఉన్నప్పుడు కంటె తక్కువ ఉన్నప్పుడే ఈ కట్టుబాటు గట్టిగ నడిచేదంట. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువల కింది ఊర్లు తిరిగి 1988ల ఇదే రాసిండు. కాలువ మొదట్ల, నీళ్లకు కొదవ లేని ఊర్లల్ల ఉమ్మడి కట్టుబాట్లు తక్కువ. కాలువ ఆఖర్ల, నీళ్లు వస్తయో రావో తెల్వని ఊర్లల్లనే జనం కలిసి నీరుగంటోళ్లను పెట్టుకున్నరు, చేను కావలి పెట్టుకున్నరు, ఊరుమ్మడి ఫండు పెట్టుకున్నరు. ఇసొంటి కట్టుబాట్లనే లోకమంతా తిరిగి చదివిన ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆమెకు 2009ల అర్థశాస్త్రంల నోబెల్ వచ్చింది.

వెనుకటి కాలం బంగారమని చెప్తలే. మా తాతకు చారెడు భూమి లేకుండె. ఊరందరి మడ్లు తడిపినోని ఇంట్ల గటుక. తైబందీ కాయితం మీద ఏమున్నా దొర మడికి ముందుగాల నీళ్లు పోవాలె, పోకపోతే తాత వీపు మీద పడేది. కలికాలం అని నిట్టూర్చెటోళ్లు ఇది యాదికుంచుకోవాలె. కట్టుబాటుల న్యాయం ఎంత ఉన్నదో గంతనే నడిచింది, దొర పెత్తనం ఉన్న కాడ చచ్చింది.

ఇప్పుడు యూరియా లైను కాడికి రండి. అక్కడ బస్తాలు తక్కువున్నయి, నిజమే. రావాల్సిన కోటా రాలే అని రాష్ట్రం, పంపినం మీరే సరిగ పంచలే అని కేంద్రం. బయటి దేశాల సరుకు ఆలస్యం, ఏడాదికి 12.7 లక్షల టన్నులు తీసే రామగుండం ఫ్యాక్టరీ సుత నడుమ ఆగింది. ఆ పంచాయితీ వేరే రోజు మాట్లాడుకుందాం. నేను చెప్పేది, బస్తాల కంటె తక్కువున్నది ఇంకొకటి, ఎరుక. ఇయ్యాల ఎన్ని బస్తాలొస్తయి? తెల్వది. మళ్ల లోడు ఎప్పుడు? తెల్వది. నా వంతు ఎన్నోది? తెల్వది. మంగళవారం నీకు రెండు బస్తాలు ఖాయం అని నమ్మకంగ చెప్తే నేను ఇంటికి పోయి పండుకుంట. చెప్పకపోతే రెండు అవసరమున్నోడు నాలుగు తెచ్చి అటుక మీద దాస్తడు. వాడు దాచిండని పక్కోడు దాస్తడు. గట్ల పావు కొరత సగం కొరతైతది. ఎనుక తలుపు తెరుచుకొని పలుకుబడి ఉన్నోనికి ఆటోల బస్తాలు పోతుంటే, లైన్ల నిలబడ్డోనికి లైను మీద ఇజ్జత్ ఉంటదా? కౌలు రైతు ముచ్చట చెప్పనే వద్దు, పాస్‌బుక్కు చూపియ్యమంటే వాడు లైన్లకే రాలేడు.

గిప్పుడు సిగపట్ల వీడియో మళ్ల చూడండి. గా ఇద్దరు ఆడోళ్ల నడుమ ఉండాల్సిన నీరటి లేడు. ఉండాల్సిన తైబందీ లేదు. అవి లేని కాడ మా తాత కాలపోళ్లు సుత సిగలు పట్టుకునెటోళ్లే. ఆస్పత్రి ఓపీ చీటీ కాడ, జనరల్ డబ్బా కాడ, మిర్చి యార్డు గేటు కాడ మనిషి పశువైతున్నడని అనెటోళ్లు జర ఆ గేటు ఎవరు కట్టిన్రో, ఎంత వెడల్పు కట్టిన్రో చూస్తే బాగుంటది. వీడియో తీసెటోని ఫోను ఎప్పుడూ లైను దిక్కే ఉంటది, ఎనుక తలుపు దిక్కు తిరగది.

గట్లని నా అబద్ధం నేను చెప్పిన అబద్ధమే. ఏర్పాటు చెడ్డది కాబట్టి నాకు పాపం లేదు అంటే అది ఇంకో అబద్ధం. ఆ లైన్లనే ఒక పోరడు తనకు దొరికిన బస్తా పక్కన ఉన్న ముసలాయనతోని చెరి సగం పంచుకొని గోనె సంచిల పోసుకపోయిండు. వానికి సుత నా అంతనే వరి ఉండొచ్చు, నా అంతనే భయముండొచ్చు.

మొన్న యాసంగి నాట్లప్పుడు మళ్ల ఆ సొసైటీ కాడికి పోయిన. ఈసారి చీటీలు ఇస్తున్నరు, చీటీ మీద తారీఖు. లైను చిన్నగుంది. అవ్వ గోడకు ఆనుకొని కూసున్నది, కాళ్లకు కొత్త చెప్పులు. నన్ను పోల్చింది.

"బిడ్డా, ఈ కాయితం మీద ఏ తారీఖు రాసిన్రో చదువు."

"శుక్రవారం అవ్వా. రెండు బస్తాలు."

కాయితం మలిచి రైకల పెట్టుకున్నది. కొంచెంసేపు ఊకుండి అడిగింది, "గా వానకాలం నీకు దొరికెనా మరి?"

"దొరికింది" అన్న. చెప్పుల సంగతి నోటి దాక వచ్చింది.

"మంచిగైంది" అని లేచి చాయ దుకాణం దిక్కు నడిచింది. ఈసారి చెప్పులు కాళ్లకే ఉంచుకున్నది.