నిదానముగ తెరచుకొను వెబ్‌సైటు

వాకిట నిలిచిన చుట్టమును పలుకరింపక నిలువబెట్టు ఇల్లాలిని ఎవరు మెచ్చుకొందురు? నిరుటివఱకు మేము చేసినది అట్టి పనియే. ఆ వాకిలి మాత్రము మా ఇంటిది కాదు, మా వెబ్‌సైటుది.

హుస్నాబాద్‌లో మావారు ఉపాధ్యాయులు. పదవ తరగతి పిల్లలకు పాత ప్రశ్నపత్రములును పాఠముల సారాంశములును అందవలెనని వర్డ్‌ప్రెస్ సాయమున ఒక సైటు నెలకొల్పిరి. మాట్ మలెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు 2003లో వెలువరించిన ఈ సాధనమువలన కంప్యూటరు భాష తెలియనివారును పుటలు సిద్ధము చేసికొనవచ్చును. మావారికి తీరిక లేక ఆ పని క్రమముగ నా చేతికి వచ్చినది. నేను భారతము చదువుకొన్నదాననే గాని యంత్రవిద్య నేర్చినదానను గాను.

ఒకనాడు పల్లెనుండి వచ్చిన బాలిక యొకతె, “మీ సైటు తెరుసుకునే లోపల్నే మా నాయిన ఫోను వట్టుకొని చేనుకు వోతడమ్మా” అన్నది. ఆ ఇంట ఫోను ఒక్కటే. తెల్లవారుజామున అరగంట మాత్రమే అది పిల్లచేతిలో నుండును. పల్లెలో సిగ్నలు చాలదని అంతవఱకు మేము సమాధానపడుచుంటిమి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గూగుల్‌వారు ఉచితముగ నిచ్చు పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అను పరీక్షకు మా సైటును పెట్టితిని. పుటలోని ముఖ్యభాగము రెండున్నర సెకన్లలోపల కనబడవలెనని వారి ప్రమాణము. మా ముందుపుట బరువు 12 మెగాబైట్లు! బలహీనమైన సిగ్నలు సెకనుకు ఒక మెగాబిట్టు మోయుననుకొందము. మెగాబైటునకు 8 మెగాబిట్లు గనుక, అంతయు దిగుటకు 96 సెకన్లు పట్టును.

పదింట తొమ్మిదిపాళ్లు బరువు వార్షికోత్సవపు ఫోటోలదే. మిక్కిలి పెద్ద ఫోటోలను వర్డ్‌ప్రెస్ 2019 నుండి 2560 పిక్సెళ్లకు తానే కుదించును గాని, అరచేతియంత తెరకు అదియు నెక్కువే. నేను వానిని 1000 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ రూపమునకు మార్చగా, మెగాబైటున్న ఫోటో నూఱు కిలోబైట్లకు దిగినది. ముందుపుట నెత్తిన తిరుగు స్లైడరు పది చిత్రములను ఒక్కమాఱుగ లాగుచుండెను. దానిని తీసివేసితిని. మావారికి దానిపై మమకారము మెండు. రెండు దినములు ముభావముగ నుండిరి.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి కలదు. కంప్యూటరు లెక్కలో ‘స్త్రీ’ అను నొక్క అక్షరమునకు ఆఱు సంకేతములు, ఒక్కొక్కటికి మూడు బైట్ల చొప్పున పదునెనిమిది బైట్లు కావలయును. అయినను వ్రాత బరువు కాదు. పాఠమంతయు కలిపినను చిన్న ఫోటోయంత యుండదు. బరువైనవి ఖతులు. గుణింతములకు, వత్తులకు, సంయుక్తాక్షరములకు ఎన్నో రూపములు గీయవలసి యుండుటచే తెలుగు ఖతి ఫైలు ఇంగ్లీషు ఖతికంటె సాధారణముగ పెద్దది. మేము సొగసునకై మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు అను నాలుగింటిని పెట్టుకొంటిమి. శీర్షికలకు రామభద్రను ఉంచి తక్కినవి తొలగించితిని. పాఠము ఫోనులోని సొంత తెలుగక్షరములతోనే కనబడును, చక్కగానే యున్నది.

ప్లగిన్లు ఇరువదిమూడు. తొమ్మిదింటిని ఎవరెందుకు చేర్చిరో మావారికే గుర్తులేదు. సైటంతటికి నకలు తీసి దాచుకొని, ఒక్కొక్కదానిని నిలిపి చూచి, అక్కఱ లేనివి తీసివేసితిని. నకలు లేకుండ ఈ పనికి పూనుకొనరాదు సుమా.

తరువాత కాష్ పెట్టితిని. వర్డ్‌ప్రెస్ సహజముగ, వచ్చిన ప్రతివారికిని డేటాబేసు నుండి సరకులు తెచ్చి పుటను క్రొత్తగ వండును. పంక్తిలో నలుబదిమంది కూర్చుండగా ఒక్కొక్కరికి వేఱుగ ఎసరు పెట్టుట వంటిది. కాష్ ఉన్నచో ఒకమాఱు వండినది అందఱికి వడ్డింపబడును.

ఇందు నేనొక పొరపాటు చేసితిని. నమూనా పరీక్ష తేదీ మారినదని ప్రక్కపట్టీలోని ప్రకటనను దిద్దితిని. పాఠపుపుటలను దిద్దినప్పుడు మా కాష్ తానే మేలుకొనును గాని, ఆ పట్టీ సంగతి దానికి తెలియలేదు; పాత తేదీనే చూపుచుండెను. ముగ్గురు పిల్లలు ఆ తేదీని నమ్మి పరీక్ష పోగొట్టుకొనిరి. వారికి మఱల పెట్టించుటకు మావారిని బతిమాలవలసి వచ్చినది. అప్పటినుండి ఏది దిద్దినను కాష్‌ను నా చేతులతోనే ఖాళీ చేసి, మఱియొక ఫోనులో తెరచి చూచుకొనుచున్నాను.

ఇప్పుడు ముందుపుట 900 కిలోబైట్లు. అదే సిగ్నలుపై లెక్కవేసిన ఎనిమిది సెకన్లు దాటదు. మొన్న సంతలో ఆ బాలిక కనబడి, “నాయిన చెప్పులేసుకునే లోపల రెండు పేపర్లు సూసిన” అన్నది.