ఆరుట్ల కమలాదేవి: ఒక శాసనసభ్యురాలి జీవితానికి ఆధారాలు

శాసనసభ్యుల జీవితాన్ని అధ్యయనం చేయడం సులభమని మీరు అనుకోవచ్చు. సభలో మాట్లాడిన ప్రతిమాట అచ్చవుతుంది కదా! అయితే ఆ అచ్చుప్రతిలో దొరికేది జీవితంలో ఒక భాగమే. ఆరుట్ల కమలాదేవి ఉదాహరణతో దీనిని పరిశీలిద్దాం.

ఆమె 1920లో ఆలేరు ప్రాంతంలోని మంతపురిలో జన్మించారు. అసలు పేరు రుక్మిణి. కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డితో వివాహమైన తర్వాత కమలాదేవి అయ్యారు. ఈ పేరుమార్పు తెలియకపోతే, ఆమె బాల్యానికి సంబంధించిన పత్రం చేతికి వచ్చినా మీరు పక్కన పెట్టేస్తారు.

వివాహానంతరం ఆమె హైదరాబాదులో రెడ్డి బాలికల వసతిగృహంలో ఉంటూ నారాయణగూడలోని ఆంధ్ర బాలికల పాఠశాలలో చదివారు. 1928లో మాడపాటి హనుమంతరావు స్థాపించిన పాఠశాల ఇది. ఉన్నత విద్య ఉర్దూలో సాగిన నిజాం రాజ్యంలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడమే ఒక సాహసం.

ఆ తర్వాత ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ, సాయుధ పోరాటం, అజ్ఞాతవాసం. ఇక్కడే ఆధారాల సమస్య మొదలవుతుంది. రహస్య జీవితంలో ఉత్తరం దాచుకుంటే ప్రాణాపాయం. కాబట్టి ఆ కాలపు కాగితాలు ఎక్కువగా ప్రభుత్వం రాసుకున్నవే. వాటిలో ఉద్యమకారులు నేరస్థులుగా కనిపిస్తారు. రామచంద్రారెడ్డి రాసిన పోరాట స్మృతులు మరోవైపు నుంచి చెబుతాయి. అయితే అది భర్త రాసిన పుస్తకం. ‘మేము’ అన్న ప్రతిచోటా ఆమె పాత్ర ఏమిటని మీరు ప్రశ్నించుకోవాలి.

1951 అక్టోబరులో పోరాటం ఆగింది. కొద్ది నెలలకే, 1952 ఎన్నికల్లో కమలాదేవి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫున ఆలేరు నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1957లోనూ, 1962లోనూ అక్కడి నుంచే గెలిచారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కనుక ఆమె ప్రసంగాల కోసం రెండు శాసనసభల చర్చల సంపుటాలు వెతకాలి. 1962లో రామచంద్రారెడ్డి కూడా భువనగిరి నుంచి గెలిచారు. భార్యాభర్తలిద్దరూ ఒకే సభలో ఉన్నందున, సూచికలో ‘ఆరుట్ల’ చూసి తొందరపడకండి. మాట్లాడినది ఎవరో పుటలో సరిచూసుకోండి.

మరో హెచ్చరిక. ఆమె విజయాన్ని ఉద్యమ మహిళలందరి అనుభవంగా తీసుకోకూడదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాటం ముగిశాక ఇంటిదారి పట్టాల్సివచ్చిన స్త్రీల వేదన వినిపిస్తుంది. వారికి సభా చర్చల సంపుటాలు లేవు. ఎవరో ఎదురుగా కూర్చుని అడిగారు కనుకనే వారి మాట మిగిలింది.

అశోక్‌నగర్, చిక్కడపల్లి పరిసరాల్లో ఉంటున్నవారు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంతో ప్రారంభించవచ్చు. పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటుంది, పెందలాడే వెళ్లండి! సమీపంలోని బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రభుత్వ ఫైళ్లకు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖ కార్యాలయానికి వెళ్లాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కమలాదేవి అజ్ఞాతవాస కాలానికీ, శాసనసభ కాలానికీ లభించే ఆధారాలను ఎవరు, ఎందుకు తయారుచేశారు? పది వాక్యాల్లో రాయండి.