విమాన ప్రయాణం: పెట్టె సర్దుట మొదలు సరిహద్దు వరుస దాటుట వరకు

మా ముస్తాబాద్ ప్రాంతం నుండి, చుట్టుపక్కల సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళుట 1970 దశకంలో మొదలైంది. ఆ రోజులలో బొంబాయి వరకు వెళ్ళి విమానం ఎక్కేవారు. తరువాత బేగంపేట, 2008 మార్చి నుండి శంషాబాద్ మనకు దగ్గరయ్యాయి. నేడు ఉపాధి కొరకు దుబాయి, సౌదీ, కువైట్ వెళ్ళే యువకులే కాక, అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే వృద్ధ దంపతులు కూడా మా వైద్యశాలకు వచ్చి ప్రయాణపు జాగ్రత్తలు అడుగుతున్నారు.

ఆయుర్వేద పత్రికలో విమానం మాట ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. కారణం సులభం. మన వంటింటి పోపుల డబ్బాలోను, మందుల పెట్టెలోను నిత్యం ఉండే కొన్ని వస్తువులు పరాయి దేశపు సరిహద్దు దగ్గర నేరంగా మారతాయి. ప్రేమతో కట్టి ఇచ్చిన పొట్లం కుమారుని జైలుకు పంపకూడదు. ఈ వ్యాసంలో ముందుగా ఆ విషయం చెప్పి, పిదప శరీర రక్షణకు సంబంధించిన సూచనలు వివరిస్తాను.

మందుల విషయం

"మా పోరగాడు దుబాయి పోతుండు సారూ, ఆరు నెలలకు సరిపోయేటట్టు ఇంత పొడి కట్టియ్యుండ్రి" అని అడిగే తల్లులు అనేకులు. కాగితంలో కట్టిన పొడిని నేను ఎవరికీ ఇవ్వను. చీటీ లేని పొడి ఏమిటో సరిహద్దు అధికారికి తెలియదు. తెలియజెప్పుటకు మీ వద్ద ఆధారం ఉండదు. మందు ఏదైనను తయారీదారుని ముద్ర, పదార్థాల జాబితా గల మూల డబ్బాలోనే ఉండవలెను. వైద్యుని చీటీ ఆంగ్లంలో, రోగి పేరు పాసుపోర్టులోని పేరుతో సరిపోవునట్లు వ్రాయించుకొనవలెను.

మన శాస్త్రంలోని కొన్ని యోగాలలో నిషిద్ధ ద్రవ్యాలు ఉన్నాయని చాలా మందికి తెలియదు. అతిసారానికి వాడే కర్పూర రసంలో అహిఫేనం, అనగా నల్లమందు ఉంది. జాతీఫలాది చూర్ణంలోను, కామేశ్వర మోదకంలోను విజయ, అనగా భంగాకు ఉంది. వీటిని వైద్యుని సలహాపై ఇక్కడ వాడుట వేరు, సరిహద్దు దాటించుట వేరు. ఇటువంటి మందులు ఎట్టి పరిస్థితులలోను పెట్టెలో పెట్టరాదు.

ఆసవారిష్టాల సంగతి మరొకటి. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం పులియబెట్టి తయారు చేసేవి. వాటిలో సహజంగా మద్యాంశం పుడుతుంది. సీసాపై ఆ సంగతి ముద్రించి ఉంటుంది. సౌదీ అరేబియా, కువైట్, కతార్ దేశాలలోనికి మద్యం తీసుకొని వెళ్ళుట నిషిద్ధం. కనుక అరిష్టానికి బదులు అదే గుణం గల మాత్రలు లేదా చూర్ణం ఉన్నవా అని మీ వైద్యుని అడిగి తెలుసుకొనవలెను.

అల్లోపతి మందులకు కూడా ఇదే సూత్రం. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, నిద్రకు వాడే ఆల్ప్రజోలం వంటివి గల్ఫ్ దేశాలలో కఠిన నియంత్రణలో ఉన్నాయి. నడుము నొప్పికి ఎవరో ఇచ్చిన మాత్రల అట్ట కూడా ప్రమాదమే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు వెళ్ళేవారు ఇటువంటి మందు తప్పనిసరి అయినచో ఆ దేశ ప్రభుత్వం నుండి ప్రయాణానికి ముందే అనుమతి పొందవలెను. 2018 నుండి దీనికి ఆన్‌లైన్ దరఖాస్తు పద్ధతి ఉంది.

వంటింటి వస్తువులు

గసగసాలు మన ఇండ్లలో మాంసపు కూరకు, మసాలా పొడికి సర్వసాధారణం. అవి నల్లమందు మొక్క గింజలు. గింజపై ఆ కాయ పాల అంశం లేశమాత్రంగా అంటి ఉండవచ్చు. అందుచేత యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూర్ దేశాలు వీటిని నిషేధించాయి. విడిగా గసగసాలు పెట్టకపోయినను, ఇంట్లో దంచిన మసాలాలో కలిసి ఉంటే అదే చిక్కు. పంపదలచిన మసాలాను గసగసాలు లేకుండా, వేయించిన నువ్వులు లేక జీడిపప్పుతో తయారు చేసుకొనవచ్చును. రుచికి లోటు రాదు.

కుడుకలు మరొక వస్తువు. ఎండు కొబ్బరిలో నూనె అధికం; కొన్ని పరిస్థితులలో అది తనంతట తానే వేడెక్కి అంటుకొనే గుణం కలది. ఈ కారణంగా 2022 నుండి మన దేశపు విమానాశ్రయాలలో లోడు చేసే సామానులో దీనిని అనుమతించుట లేదు. పెట్టెలో కుడుకలు ఉంటే ఎక్స్‌రేలో పట్టుబడి, మిమ్ములను పిలిపించి పెట్టె విప్పిస్తారు. సమయం వృథా, మనసు ఆందోళన.

మామిడికాయ తొక్కు, నెయ్యి వంటివి చేతి సంచిలో పెట్టక లోడు చేసే పెట్టెలో, మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టవలెను. సకినాలు, సర్వపిండి వంటి పొడి పదార్థాలు గట్టి డబ్బాలో పెట్టితే నలగవు. అమెరికా వెళ్ళేవారు పండ్లు, విత్తనాలు, మాంసపు పచ్చళ్ళు తీసుకొని వెళ్ళరాదు. ఉన్న ఆహార పదార్థాలన్నిటిని అక్కడి అధికారికి తెలియజేయవలెను. తెలియజేసిన వస్తువు పనికిరానిదైతే తీసివేస్తారు. దాచితే జరిమానా వేస్తారు.

ఇతరుల పొట్లాలు

పల్లెలో ఒకరు విమానం ఎక్కుతున్నారంటే ఇరుగు పొరుగు వారు నాలుగు పొట్లాలు తెచ్చి, "మా అల్లునికి ఇది జర అందియ్యి బిడ్డా" అంటారు. కాదంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. కాని చట్టం దృష్టిలో మీ పెట్టెలోని ప్రతి వస్తువుకు మీరే బాధ్యులు. "నాకు తెలియదు, వేరొకరు ఇచ్చారు" అనే మాట మిమ్ములను కాపాడుతుందనే నమ్మకం లేదు. తీసుకొనక తప్పని పరిస్థితి వస్తే, ఇచ్చినవారి ఎదుటనే పొట్లం పూర్తిగా విప్పి, ప్రతి వస్తువును చూసి, మీ చేతులతోనే తిరిగి కట్టవలెను. విప్పుటకు వారు ఒప్పుకొననిచో నిర్మొహమాటంగా తిరస్కరించండి. విమానాశ్రయంలో అపరిచితుల సంచిని ఒక్క నిమిషమైనను పట్టుకొనరాదు.

పెట్టె సర్దుట

1. టికెట్టుపై వ్రాసిన బరువును ముందుగా చదవండి. ఇంటి దగ్గరనే తూచి, ఒక కిలో తక్కువగా ఉంచండి. ఒక్కొక్క పెట్టె 32 కిలోలు మించరాదు.

2. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలోని ద్రవాలు, లేహ్యాలు, తైలాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్ల సీసాలో మాత్రమే ఉండవలెను. చ్యవనప్రాశ డబ్బా, నొప్పుల తైలం పెద్ద పెట్టెలో పెట్టండి.

3. ప్రతిదినం వాడే మధుమేహం, రక్తపోటు, గుండె మందులు చేతి సంచిలోనే ఉండవలెను. పెట్టె ఆలస్యమైనను మందు ఆగదు. ఇన్సులిన్ గడ్డ కట్టితే పనిచేయదు. కనుక లోడు చేసే పెట్టెలో ఎన్నడూ పెట్టరాదు. వైద్యుని చీటీ చూపితే అవసరమైన మందులను 100 మిల్లీలీటర్లకు మించినను అనుమతిస్తారు.

4. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే. చాకు, కత్తెర పెద్ద పెట్టెలో. అగ్గిపెట్టె లోడు చేసే పెట్టెలో పెట్టరాదు.

శరీర రక్షణ

విమానం ఎగిరినప్పుడు లోపలి గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల ఎత్తు గల కొండపై ఉన్నట్లు ఉంటుంది. తేమ 20 శాతం కంటె తక్కువ. ఆయుర్వేద రీత్యా ప్రయాణం, రూక్షత, నిద్రాభంగం మూడును వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. కడుపుబ్బరం, చెవి పోటు, మలబద్ధం, కాళ్ళ వాపు కలుగుటకు ఇదే కారణమని గ్రహించవలెను.

కడుపుబ్బరం: ఒత్తిడి తగ్గినప్పుడు ప్రేగులలోని వాయువు సుమారు మూడో వంతు వ్యాకోచిస్తుంది. కనుక ముందురోజు రాత్రి నుండి శనగలు, బొబ్బర్లు, నూనె వంటలు మాని, పెసరకట్టు, మెత్తని అన్నం, జీలకర్ర కలిపిన పలుచని మజ్జిగ తీసుకొనవలెను. భోజనానంతరం అర చెంచా వాము నమలి వేడినీరు త్రాగితే వాయువు శమిస్తుంది.

వికారం: బయలుదేరుటకు అరగంట ముందు పావు చెంచా శొంఠి పొడిని కొద్ది బెల్లంతో తినవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడుగనిదే శొంఠి వాడరాదు. మధుమేహులు బెల్లం మాని ఏలక్కాయ నోట ఉంచుకొనవచ్చు.

చెవి పోటు: విమానం దిగేటప్పుడు ఎక్కువ. అప్పుడు నిద్రించక మాటిమాటికి గుటక వేయవలెను, లవంగం చప్పరించవలెను. చంటి పిల్లలకు ఆ సమయంలో పాలు పట్టవలెను. ముక్కు ఎండే స్వభావం గలవారు ముందురోజు ప్రతి ముక్కు రంధ్రంలో రెండు చుక్కల నువ్వుల నూనె వేసుకొనవచ్చు. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఇది పనికిరాదు. తీవ్రమైన చెవి నొప్పి ఉన్నవారు వైద్యునికి చూపుకొనిన పిదపనే ప్రయాణించవలెను.

కాళ్ళ వాపు: నాలుగు గంటలకు మించి కదలక కూర్చుంటే పిక్కలలోని సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకొకసారి లేచి నడువవలెను. కూర్చున్నచోటనే పాదాలను పైకి క్రిందికి ఇరవై సార్లు ఆడించవలెను. దిగిన తరువాత ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినను, ఆయాసం, ఛాతీ నొప్పి కలిగినను గృహవైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

చాలా మంది, ముఖ్యంగా స్త్రీలు, మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని నీరు త్రాగుట మానివేస్తారు. మూత్రవేగాన్ని ఆపరాదని మన శాస్త్రం గట్టిగా చెప్పింది. కొద్దికొద్దిగా నీరు త్రాగుతూ ఉండండి. కాఫీ, మద్యం వర్జించండి.

సరిహద్దు వరుసలో

శంషాబాద్‌కు విమాన సమయానికి మూడు గంటల ముందు చేరవలెను. మా ఊరి నుండి సిద్దిపేట మీదుగా దారిలోనే మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. దానికి తగినట్లు బయలుదేరవలెను. పాసుపోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండవలెను. అందులోని పేరు, వీసాలోని పేరు, టికెట్టులోని పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా సరిచూచుకోండి.

పదవ తరగతి పూర్తి చేయనివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళునప్పుడు 1983 నాటి వలస చట్టం క్రింద అనుమతి పొందవలెను. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు చెల్లిస్తే ప్రమాద మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. "విజిట్ వీసాపై పొమ్ము, అడిగితే చుట్టాన్ని చూడబోతున్నానని చెప్పుము" అని ఏజెంటు చెప్పినచో వినకండి. అట్లు వెళ్ళినవారికి ఒప్పందం లేదు, బీమా లేదు, యజమాని జీతం ఎగవేస్తే అడిగే ఆధారం లేదు.

అధికారి అడిగిన ప్రశ్నకు నెమ్మదిగా, ఉన్నది ఉన్నట్లు సమాధానం చెప్పండి. తెలియని కాగితంపై సంతకం చేయకండి. చిక్కు వస్తే భారత రాయబార కార్యాలయంతో మాట్లాడించమని కోరుట మీ హక్కు. పెట్టెలో ఉన్న మందుల, ఆహార పదార్థాల జాబితాను ఒక కాగితంపై వ్రాసి పాసుపోర్టుతో ఉంచుకొని, మరొక ప్రతిని ఇంటివద్ద ఇవ్వండి.

బిడ్డను సాగనంపే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఏమి పెట్టవలెనో ఆలోచించుటకు ముందు, ఏమి పెట్టకూడదో చూడండి. బయలుదేరే ముందు రాత్రి పెట్టెను ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, ప్రతి వస్తువును పేరు పెట్టి చెప్పగలిగితేనే తిరిగి సర్దండి. పేరు తెలియని పొడి, ఎవరిదో తెలియని పొట్లం ఇంటి గడప దాటకూడదు.