మాట తెగని పరుగు: ఎందుకు? ఎలా?

మారథాన్‌కు సిద్ధమవుదామని రన్నింగ్ గ్రూపులో చేరినవారికి మొదటి వారంలోనే ఒక సలహా చెవిన పడుతుంది: "వేగం తగ్గించండి, హార్ట్ రేట్ చూసుకోండి." వేగం పెంచుకుందామని వచ్చిన మనిషికి ఇది మింగుడుపడదు. 42 కిలోమీటర్లు పరుగెత్తాలంటే కష్టపడాలి గదా, పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పోతే ఒంటికి ఏం ఒరుగుతుంది? సందేహం న్యాయమైనదే. నిదానంగా జవాబు చెప్పుకోవాల్సినదే. ఈ ఒక్క సంగతి అర్థంకాక మోకాళ్లూ పిక్కలూ పాడుచేసుకుని పరుగే మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

నెమ్మదిగా పరుగెత్తితే వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు గుండె లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండె, ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల చొప్పున పంపి ఈ పని నెరవేరుస్తుంది. ఏళ్ల తరబడి దూరాలు పరుగెత్తినవారి గుండె ఇదే రక్తాన్ని 50 సార్లలో పంపేస్తుంది, ఒక్కోసారికి 100 మిల్లీలీటర్లు పోతాయి కాబట్టి. ఎడమ జఠరిక కాస్త విశాలమవుతుంది, ఒంట్లో రక్తం పరిమాణమే పెరుగుతుంది. ఈ మార్పు రావడానికి గుండెను అదరగొట్టనక్కర్లేదు. చాలామందిలో ఓ మోస్తరు శ్రమకే గుండె దాదాపు పూర్తిగా నిండడం మొదలుపెడుతుంది. ఆ స్థితిలో ఎంత ఎక్కువసేపు గడిపితే అంత లాభం. రొప్పుతూ ఎక్కువసేపు గడపలేం, నెమ్మదిగా అయితే గడపగలం.

కాళ్లలో జరిగేది ఇంకా ముఖ్యం. కండరాల్లో సన్నటి రక్తకేశనాళికలు కొత్తగా పుట్టుకొస్తాయి. ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియా పెరుగుతాయి. నిరుడు రొప్పుతూ అందుకున్న వేగాన్ని ఈ ఏడు నిబ్బరంగా అందుకోగలిగితే, దానికి కారణం ఇదే.

ఇక ఇంధనం. ఒంట్లో గ్లైకోజెన్‌గా నిలవ ఉండే పిండిపదార్థం సుమారు 2000 క్యాలరీలు మాత్రమే. 60 కిలోల మనిషి మారథాన్ పూర్తిచేయాలంటే 2500 దాకా కావాలి. కొవ్వు రూపంలో మాత్రం బక్కపలచటి మనిషిలోనూ 40 వేల క్యాలరీల దాకా ఉంటుంది. డబ్బాలో బియ్యం అయిపోయినా గాదెలో ధాన్యం ఉందన్నమాట. కానీ దంచుకోవడం చేతకాని ఇంట్లో గాదె నిండుగా ఉన్నా పస్తే. కొవ్వును చకచకా వాడుకునే ఆ నేర్పును కండరాలకు అలవాటు చేసేది గంటల తరబడి సాగే నెమ్మది పరుగే. 30 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా కాళ్లు మొరాయించి, రన్నర్లు "గోడకు గుద్దుకున్నాం" అనే స్థితి చాలావరకు డబ్బా ఖాళీ అయినందువల్ల వచ్చేదే.

ఈ సంగతి మొదట ఎవరికి తట్టింది?

నెమ్మది పరుగు గురించి ఆలోచించినవారు జర్మనీలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్నారు. కానీ లోకాన్ని ఒప్పించినవాడు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరవాసి ఆర్థర్ లిడియార్డ్. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆయన కోచ్‌గా ఎక్కడా చదువుకోలేదు. తన ఒంటిమీదే ఏళ్లపాటు ప్రయోగాలు చేసుకుని, వారానికి సుమారు 100 మైళ్ల పరుగు మనిషికి పునాది వేస్తుందని తేల్చుకున్నాడు. ఆదివారం వస్తే ఆయనా శిష్యులూ కలిసి వైటకెరె కొండల్లో వైయటరువా దారి పట్టేవారు. మొత్తం 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్ల పైచిలుకు. 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్‌ను కూడా ఆ దారిలోనే నడిపించాడు. రెండు నిమిషాల్లోపు అయిపోయే పందేనికి రెండు గంటలకు పైబడిన పరుగెందుకని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సెప్టెంబరు 2న స్నెల్ 800 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. గంట తిరక్కుండానే లిడియార్డ్ శిష్యుడే మరొకడు, ముర్రే హాల్‌బర్గ్, 5000 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. కొద్దిరోజుల తర్వాత అదే ఒలింపిక్స్‌లో జరిగిన మారథాన్‌లో బ్యారీ మెగీకి కాంస్యం వచ్చింది. అతనూ ఆ ఆదివారపు గుంపులోనివాడే.

నాకు మాత్రం ఈ పతకాలకన్నా తర్వాతి కథ ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. 1962లో లిడియార్డ్ ప్రోత్సాహంతో ఆక్లాండ్‌లో ఒక జాగర్ల క్లబ్బు మొదలైంది. నడివయసువాళ్లు, ఒళ్లు పెరిగినవాళ్లు, గుండెజబ్బు వచ్చి తగ్గినవాళ్లు కూడా చేరారు. ఆ ఏడాది చివర్లో అమెరికాలో పేరుమోసిన కోచ్ బిల్ బోవర్‌మన్ అక్కడికి వెళ్లాడు. తర్వాత నైకీగా మారిన కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఈయన ఒకరు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. ఒక ఆదివారం వాళ్లతో పరుగుకు దిగి కొద్దిసేపటికే వెనకబడిపోయాడు. గుండెపోటు నుంచి కోలుకుని 70 దాటిన ఒక పెద్దాయన వేగం తగ్గించుకుని, కబుర్లు చెబుతూ చివరిదాకా ఆయనకు తోడుగా వచ్చాడు. బోవర్‌మన్ స్వదేశానికి తిరిగి వెళ్లి తన ఊరు యూజీన్‌లో మామూలు జనానికి జాగింగ్ నేర్పడం మొదలుపెట్టాడు. 1967లో హారిస్ అనే హృద్రోగ వైద్యుడితో కలిసి "జాగింగ్" పుస్తకం రాశాడు. అమెరికాలో జాగింగ్ ఊపందుకోవడానికి ఆ పుస్తకం పెద్ద కారణం.

ఆ పెద్దాయన చేతికి హార్ట్ రేట్ వాచీ లేదు. అప్పటికి అలాంటి వాచీలే లేవు. తన గుండె ఎంత శ్రమపడుతున్నదో ఆయనకు తెలిసింది మాటల వల్లే.

మాటకూ గుండెకూ ఏమిటి సంబంధం?

ఒక వాక్యం పూర్తిగా పలకాలంటే కొన్ని సెకన్లపాటు గాలి వదులుతూనే ఉండాలి, లోపలికి పీల్చడం వాయిదా వేయాలి. శ్రమ తక్కువగా ఉన్నంతసేపూ శరీరం ఈ వాయిదాను ఓర్చుకుంటుంది. శ్రమ ఒక హద్దు దాటగానే కండరాల్లో పుట్టే ఆమ్లాన్ని అదుపు చేసే క్రమంలో బొగ్గుపులుసు వాయువు అదనంగా పుడుతుంది. దాన్ని వెళ్లగొట్టడానికి ఊపిరి తొందరపడుతుంది. అప్పుడు వాక్యం మధ్యలో తెగుతుంది. మాట తెగే చోటే దాదాపుగా తేలిక శ్రమకు పైహద్దు. ప్రయోగశాలలో ముఖానికి మాస్కు తగిలించి కొలిచేది కూడా ఈ హద్దునే.

అందుకే ఒక్కడే పరుగెత్తే మనిషి తనకు తెలియకుండానే వేగం పెంచేస్తాడు. పక్కన మాట్లాడే మనిషి ఉంటే ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. దూరాల పరుగులో స్నేహాలు అంత గట్టిగా ఎందుకు కుదురుతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. గుండెకు మేలుచేసే వేగమూ మనుషులు మనసు విప్పి మాట్లాడుకోగలిగే వేగమూ ఒక్కటే. వారానికో రెండు గంటలు, ఫోను చేతిలో లేకుండా, ఒకరి పక్కన ఒకరుగా సాగే మాటలకు మన జీవితాల్లో ఇంకెక్కడా చోటు లేదు.

మరి వాచీ ఎందుకు?

మాట అందరికీ అన్నివేళలా దొరకదు. గాలికి ఎదురెళ్తున్నప్పుడూ, ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడూ మనల్ని మనం మభ్యపెట్టుకోవడం సులువు. అంకె మొహమాటపడదు. 1930ల్లోనే జర్మనీలో గెర్ష్‌లర్ అనే కోచ్, రైండెల్ అనే వైద్యుడు నాడి లెక్కపెడుతూ రన్నర్లకు శిక్షణనిచ్చారు. గుండె వేగం 180 దాకా పెంచి, మళ్లీ 120 ప్రాంతానికి దిగాకే తర్వాతి పరుగు. వైరు లేకుండా నాడి కొలిచే పరికరం మాత్రం 1982లో ఫిన్లండ్ కంపెనీ పోలార్ నుంచి వచ్చింది.

ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది. మణికట్టు వాచీ ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపి రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి లెక్కిస్తుంది. అది వదులుగా ఉంటే, ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది. తేలిగ్గా మాట్లాడుతూ వెళ్తున్నా వాచీలో 170 కనిపిస్తే, గుండె గురించి కంగారుపడే ముందు పట్టీ బిగించి చూడండి.

నా హద్దు ఎంతో ఎలా తెలుసుకోవాలి?

220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందని అందరూ చెబుతారు. 1970ల మొదట్లో కొన్ని పరిశోధనలను పక్కపక్కన పెట్టి వేసిన స్థూలమైన గీత అది. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం (208లోంచి వయసులో పదింట ఏడొంతులు తీసేయడం) పెద్దవయసువారికి మరికాస్త నప్పుతుంది. 60 ఏళ్ల మనిషికి మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. రెంటిలోనూ ఒక్కో మనిషికి 10, అంతకుమించి తేడా రావచ్చు.

అంతకన్నా నమ్మకమైన దారి ఫిన్లండ్ శాస్త్రవేత్త కార్వొనెన్ 1957లో చూపాడు. పొద్దున్నే పక్కమీదే నాడి చూసుకోండి. అది 58 అనుకుందాం. గరిష్ఠం 182 అయితే మధ్యనున్న 124లో అరవై నుంచి డెబ్బై శాతం లెక్కకట్టి 58కి కలపండి. 132 నుంచి 145 వస్తుంది. తేలిక పరుగు ఆ మధ్యలో సాగాలి. తర్వాత దాన్ని మాటతో సరిచూసుకోండి. 145 దగ్గర మాట తెగుతుంటే మాటనే నమ్మండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె తడబడినట్టు అనిపించడం ఉంటే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అదే వేగంతో వెళ్తున్నా అంకె ఎందుకు పెరుగుతూ పోతుంది?

హైదరాబాద్‌లోనూ విశాఖ బీచ్ రోడ్డులోనూ పరుగెత్తేవారు అందరూ అడిగే ప్రశ్న ఇది. గంట గడిచాక, వేగం మారకపోయినా, గుండె వేగం పదీ పదిహేనూ పెరుగుతుంది. చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. ఒళ్లు చల్లబరచడానికి కొంత రక్తం చర్మంవైపు మళ్లుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది కాబట్టి ఒక్కో స్పందనకు పంపేది తగ్గి, లోటు పూడ్చడానికి స్పందనలు పెరుగుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట చల్లబరచదు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు ఈ తేమకు తోడవుతాయి. అందుకే చల్లటి దేశాల పుస్తకాల్లోని వేగాల పట్టికలు తెచ్చి ఇక్కడ అమలుచేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. అంకెను పట్టుకోండి, వేగాన్ని వదిలేయండి. జనవరిలో కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు పట్టినవారికి మేలో అదే శ్రమకు ఏడున్నర పట్టినా అది వెనకబడటం కాదు.

గుంపులో అందరి గుండెలూ ఒకటి కావు గదా?

కావు. చిక్కు అంతా అక్కడే ఉంది. 150 దగ్గర ఒకరు పాట పాడగలరు, మరొకరు పలకలేరు. సాధారణంగా ఆడవాళ్ల గుండె పరిమాణంలో చిన్నది కాబట్టి అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఎవరి అంకె వారిది, పక్కవారి వాచీలోకి తొంగిచూసి పోల్చుకోవడానికి అది మార్కుల జాబితా కాదు. కానీ గుంపుకు ఇంకో గుణం ఉంది. ముందున్న ఇద్దరు ఒక్క పిసరు వేగం పెంచితే వెనకున్న ఇరవైమందీ పెంచుతారు. తేలిక పరుగు కాస్తా పందెమైపోతుంది. కొత్తగా వచ్చిన అక్క చివర్లో ఒంటరిగా మిగులుతుంది, మరుసటి ఆదివారం రాదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం దూరాన్ని కాక సమయాన్ని లెక్కపెట్టుకోవడం. అందరూ ఒకేచోట బయల్దేరి, ఎవరి హద్దులో వారు 45 నిమిషాలు వెళ్లి, ఎక్కడున్నా అక్కడే వెనుదిరగాలి. వేగంగా వెళ్లినవారు ఎక్కువ దూరం పోయి ఉంటారు కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు నెమ్మదివారు ముందుంటారు, అందరూ దాదాపు ఒకేసారి టీ బండి దగ్గరికి చేరతారు. లాంగ్ రన్‌లో అయితే ఊపిరిని బట్టి చిన్న జట్లు కట్టి, ప్రతి జట్టులో అందరికన్నా నెమ్మదైన మనిషిని ముందు నడవనివ్వడం మేలు.

దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగులో దీన్ని ఒక సంప్రదాయంగా మలుచుకున్నారు. పీటర్‌మారిట్స్‌బర్గ్, డర్బన్ నగరాల మధ్య 90 కిలోమీటర్ల దాకా కొండదారి, ఇప్పుడు 12 గంటల గడువు. అనుభవజ్ఞుడైన రన్నర్ ముందుండి నడిపే గుంపును అక్కడ "బస్సు" అంటారు. ఎక్కడ నడవాలో ఎక్కడ పరుగెత్తాలో "డ్రైవరు" చెబుతాడు, గుంపంతా పాడుతూ సాగుతుంది. పాడగలిగినంతకాలం గుండె హద్దులో ఉన్నట్టే. మన దేశం నుంచి ఏటా ఎందరో వెళ్లి ఆ బస్సుల్లో గమ్యం చేరుతున్నారు.

ఫలితం ఎంతకాలానికి కనిపిస్తుంది?

నెలలు పడుతుంది. ట్రయథ్లాన్ యోధుడు మార్క్ అలెన్ గుండె వేగం 155 దాటకుండా పరుగెత్తాలని నిర్ణయించుకున్న తొలిరోజుల్లో మైలుకు 8 నిమిషాల 15 సెకన్లు పట్టిందని, ఏడాది తర్వాత అదే 155కు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తగలిగానని తనే రాశాడు. 1989 నుంచి ఆరుసార్లు హవాయి ఐరన్‌మ్యాన్ గెలిచిన మనిషి ఆయన. అంత మార్పు మనకు రాదు. కానీ దిశ అదే. నెలకోసారి, ఒకే దారిలో, ఒకే వేళకు, అదే హద్దులో 5 కిలోమీటర్లు పరుగెత్తి సమయం రాసిపెట్టుకోండి. మూడు నాలుగు నెలలకు నిమిషాలు తగ్గడం కనిపిస్తుంది.

అయితే వేగంగా ఎప్పుడూ పరుగెత్తకూడదా?

పరుగెత్తాలి. ప్రపంచస్థాయి క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు, వారు ఐదింట నాలుగుసార్లు తేలిగ్గానూ ఒకసారి గట్టిగానూ శ్రమిస్తారని చూపించాడు. మామూలు రన్నర్లలో చాలామంది తేలిక రోజున కాస్త ఎక్కువా, గట్టి రోజున కాస్త తక్కువా చేసి, అన్నీ ఒకేలాంటి మధ్యరకం పరుగులుగా మారుస్తారు. వారంలో ఒకరోజు, ఒళ్లు బాగా వేడెక్కాక, మూడు నాలుగు నిమిషాల చొప్పున ఐదుసార్లు గట్టిగా పరుగెత్తండి. మధ్యమధ్య ఊపిరి కుదుటపడేదాకా నెమ్మదిగా నడవండి. ఆ ఒక్కరోజూ మాట తెగిపోవచ్చు. మర్నాడు పొద్దున పక్కమీద చూసుకున్న నాడి మామూలుకన్నా ఏడెనిమిది ఎక్కువగా ఉంటే ఆ రోజు పరుగు మానేసి, గ్రూపువాళ్లకు కబురు చేసి, ఇంకాసేపు పడుకోండి.