జీపు మరమ్మతు: విరిగిన భాగము, దాగిన కారణము

అనంతపురము పీఠభూమిలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నేల ఎఱ్ఱనిది, గులకఱాళ్లతో నిండినది. వేసవిలో దారులనిండ దుమ్ము లేచును. గట్టి వాన పడిన నాడు, అంతవరకు ఎండియున్న వాగులు ఒక్కసారిగా పొంగి పెన్నకో, చిత్రావతికో, వేదవతికో పరుగెత్తును. ఇట్టి దారులకు నాలుగు చక్రములకును శక్తి అందు జీపు తగిన బండి. పట్టణము దూరమైనచోట బండి చెడినపుడు యజమాని తానే పానా పట్టుకొని దాని క్రిందికి దూరుట సహజము. అందు తప్పు లేదు. కాని విరిగిన భాగమును మార్చి, అది ఎందుకు విరిగినదో చూడకుండుటవలన అదే నష్టము మరల మరల కలుగును; ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును.

శక్తి నడుచు దారి

ఇంజను తిరుగుడు క్లచ్చి గుండ గేరుబాక్సునకు, అచ్చటినుండి ట్రాన్స్‌ఫర్ కేసునకు చేరును. ట్రాన్స్‌ఫర్ కేసు దానిని రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల ద్వారా ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు పంచును. ఇరుసు నడుమనున్న పినియను, క్రౌను అను పళ్లచక్రములు ఆ తిరుగుడును అడ్డముగ మళ్లించి చక్రములకు అందించును.

1941 నుండి యుద్ధావసరములకై తయారైన విల్లీస్ జీపులో మొదటి గేరు తిప్పుబలమును 2.67 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేసులోని తక్కువ గేరు 1.97 రెట్లు, ఇరుసు పళ్లు 4.88 రెట్లు పెంచును. ఈ మూడింటిని గుణించి చూడుడు. రాపిడివలని నష్టమును విడిచినచో, ఇంజను తిప్పుబలము 25 రెట్లకు పైగా పెరిగి చక్రములకు చేరును. కావున ఈ దారిలో ఒక బోల్టు వదులైనను అది చిన్న లోపము కాదు.

చేతి బ్రేకును నమ్మరాదు

పాత విల్లీస్ తరహా జీపులలో చేతి బ్రేకు చక్రములపై ఉండదు. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదలుకొను చోట ఉండును. వెనుక షాఫ్టును విప్పినంతనే ఆ బ్రేకునకు వెనుక చక్రములతో సంబంధము తెగిపోవును. ముందు చక్రములకు శక్తిని తగిలించియుండనిచో బండిని గేరులో ఉంచినను ఫలము లేదు. బ్రేకు వేసితినను ధైర్యముతో క్రింద పడుకొన్నవానిపైకి, నేల కొద్దిగ వాలియున్నను బండి దొర్లవచ్చును.

షాఫ్టు విప్పకపోయినను మరియొక అపాయము కలదు. ఒక వెనుక చక్రమును జాకీతో పైకెత్తినామనుకొందము. బ్రేకు షాఫ్టును పట్టియే ఉంచును. అయినను ఇరుసులోని డిఫరెన్షియల్ రెండు చక్రములను వేర్వేరుగ తిరుగనిచ్చును. నేలపైనున్న చక్రము ముందుకు దొర్లగా, గాలిలోని చక్రము అంతే వేగముతో వెనుకకు తిరుగును. కావున మొదటి పని చదునైన చోటు చూచి, చక్రములకు ముందు వెనుక దిమ్మలు పెట్టుట. ఎత్తిన బండిని జాకీపై వదలక గట్టి స్టాండ్లపై నిలుపుట.

గుర్తు పెట్టని షాఫ్టు

ప్రొపెల్లర్ షాఫ్టునకు రెండు కొనలయందును క్రాసు అనబడు కీలు ఉండును. పదునేడవ శతాబ్దములో రాబర్ట్ హుక్ ఇట్టి కీలు గురించి వ్రాసెను. దీనికి ఒక వింత గుణము కలదు. కీలు వంగియున్నపుడు ఒక వైపు కడ్డీ నిలుకడగ తిరిగినను, రెండవ వైపు కడ్డీ ప్రతి చుట్టులోను రెండు సార్లు వడి హెచ్చి, రెండు సార్లు తగ్గును. వంపు 20 డిగ్రీలై, మొదటి కడ్డీ నిమిషమునకు 1000 చుట్లు తిరిగినచో, రెండవదాని వేగము 940, 1064ల నడుమ ఊగుచుండును.

రెండవ కీలు ఈ ఊగుటను రద్దు చేయును. అందులకు రెండు నియమములు: రెండు కీళ్ల వంపులును సమానముగ ఉండవలెను, షాఫ్టు రెండు కొనలనున్న చీలికలు ఒకే తలములో ఉండవలెను. షాఫ్టు నడుమ జారు పళ్ల జోడింపును విప్పి, గుర్తు చూడక తోచినట్లు చొప్పించినచో రెండవ నియమము తప్పును. చీలికలు 90 డిగ్రీలు తప్పినచో ఊగుటలు రద్దగుటకు బదులు ఒకదానికొకటి తోడై, అదే వంపునకు వేగము 883 నుండి 1132 వరకు మారును. బండి వణకును, క్రాసు త్వరలో అరిగిపోవును. యజమాని క్రొత్త క్రాసు నాసిరకమని కొట్టువానిని నిందించును. విప్పుటకు ముందు ఒక సున్నపు గీత గీచియున్నచో ఇంత జరుగదు.

కారుచున్న సీలు

ఇరుసు కొనయందు నూనె కారిన వెంటనే సీలు మార్చుదురు. నెల తిరుగకుండ మరల కారును. సీలు చెడినమాట నిజమైనను, కారణము ఇరుసు పైనున్న గాలిరంధ్రము దుమ్ముతో పూడుకొనుట కావచ్చును. ప్రయాణములో ఇరుసులోని గాలి 30 డిగ్రీల సెల్సియస్ నుండి 90 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. నిరపేక్ష మానములో ఇది 303 నుండి 363. గాలికి బయటికి దారి లేనిచో పీడనము సుమారు 1.2 రెట్లగును, అది నూనెను సీలు ప్రక్కనుండి నెట్టును.

వేడి ఇరుసు వాగు నీటిలో దిగినపుడు దీనికి వ్యతిరేకము జరుగును. గాలి చల్లారి పీడనము తగ్గగా, సీలు సందునుండి నీరు లోనికి చేరును. నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని గ్రహించి వెంటనే మార్చవలెను.

తారు రోడ్డుపై నాలుగు చక్రములు

మలుపులో ముందు చక్రములు వెనుకవాటికంటె ఎక్కువ దూరము పోవును. ఈ జీపుల ట్రాన్స్‌ఫర్ కేసులో డిఫరెన్షియల్ లేదు గనుక, నాలుగు చక్రములకు శక్తి తగిలించినపుడు రెండు షాఫ్టులును ఒకే వేగముతో తిరిగితీరవలెను. ఇసుకలో టైరు కొద్దిగ జారి ఆ తేడాను సరిచేయును. పొడి తారు రోడ్డుపై అట్లు సులభముగ జారలేదు. షాఫ్టులలో మెలి పేరుకొనును.

ముందు అరిగిన టైర్లు, వెనుక క్రొత్తవి వేసినచో తిన్నని దారిలోను ఇదియే గతి. వ్యాసార్ధములు 35, 36 సెంటీమీటర్లైనచో ఒక్క కిలోమీటరునకే పండ్రెండు చుట్లకు పైగా తేడా వచ్చును. అపుడు లివరు బిగుసుకొనును. దానిని సుత్తితో కొట్టుట తప్పు. బండిని తిన్నగ కొన్ని అడుగులు వెనుకకు నడిపినచో సాధారణముగ మెలి విడి లివరు వచ్చును.

ఈ పొరపాట్లలో ఏదియు బలము చాలక జరిగినది కాదు. బ్రేకు ఎచ్చట పట్టును, కీలు ఎట్లు తిరుగును, గాలి ఎటు పోవును అను ప్రశ్నలు పానా పట్టుటకు ముందు వేసికొననందున జరిగినవి. వీటికి జవాబులు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రములోనే కలవు. ఊరిలో ఎవరైన జీపు విప్పుచున్నపుడు విద్యార్థులు దూరముగ నిలిచి చూచి, మొదట చక్రములకు దిమ్మలు పెట్టిరో లేదో గమనింతురు గాక.