లఘు చిత్రానువాదములు – వాని స్వామ్యము

చలనచిత్రమును తీయుటకు ముందు దాని దృశ్యములను వరుసగా నిరూపించుచు వ్రాయఁబడు రచనకుఁ దెలుఁగు చిత్రముల నామావళిలో 'చిత్రానువాదము' అను పేరు రూఢమై యున్నది. ఈ పేరు కొంత విచారింపఁదగినది. అనువాదమనఁగా మరలఁ జెప్పుట. ముందొకరు చెప్పిన దానిని వెనుక నింకొకరు పలుకుట. మీమాంసకులును సిద్ధమైన యర్థమును మరలఁ బలుకు వాక్యమునే యనువాదమనిరి. కావున నీ పదము వినఁబడఁగానే మూలకథ యొకటి వేఱుగా నుండవలె నను నూహ పొడముచున్నది. నవలనో నాటకమునో తెరకు మార్చునపుడు పేరు సార్థకమే. ఏ పూర్వగ్రంథమును ఆధారముగాఁ గొనక, రచయిత దృశ్యరూపముననే కల్పించిన స్వతంత్రరచనకు మాత్ర మీ పేరు చక్కఁగాఁ బొసఁగదు. అయినను లోకమునఁ బ్రచారమందినది యిదియే కావున నిచ్చటను నిదియే గ్రహింపఁబడినది.

కావ్యము వ్రాయఁబడుటతోనే పూర్ణము. నాటకము రంగమెక్కకున్నను జదువఁబడును. సంస్కృత రూపకములలో ననేకములు విద్యార్థులకు గ్రంథములుగానే పరిచితములు. చిత్రానువాదమున కట్టి భాగ్యము లేదు. చిత్రము తీయఁబడనిచో దానిని చదువువారు మిక్కిలి యరుదు. తీయఁబడినచోఁ జిత్రమే దాని స్థానమున నిలుచును, వ్రాఁతప్రతి మూలఁబడును. కావునఁ బేరు లేని క్రొత్త రచయిత తన రచనను ఎవ్వరికైనఁ జూపక తప్పదు. చూపిన పిమ్మట దానిలోని కల్పన చదివినవాని మనస్సునఁ జేరును. ఆ కల్పన యెవ్వరిది? ఎంతవఱకు రచయితది? ఈ ప్రశ్న గట్టిగాఁ బుట్టిన చోటులలో మొదటిది అమెరికా దేశము; కాలము మూఁగచిత్రముల కాలము. అప్పటి చిత్రములు పెక్కు లఘువులే యగుటచే నీ విచారమునకు నాకాలమే తగిన యుదాహరణము.

ఆనాఁటి చిత్రమునకు సామాన్యపరిమాణము ఒక రీలు. అనఁగా సుమారు 1,000 అడుగుల ఫిల్ము. అది తెరపై నాడుటకుఁ బది మొదలు పదునైదు నిమిషములు పట్టును. (భాణము, వ్యాయోగము, వీథి, అంకము అను నేకాంక రూపకముల నెఱిఁగిన వారికి నీ లఘుత్వము లోపముగాఁ దోఁపదు.) తొలుత నిట్టి చిత్రములకుఁ గథలను వెదకికొన నక్కఱ లేకుండెను, ప్రసిద్ధములైన నవలలను నాటకములను అనుమతి లేకయే వాడుకొనుచుండిరి. 1907 వ సంవత్సరమునఁ గేలమ్ కంపెనీవారు లూ వాలెస్ రచించిన 'బెన్‌హర్' నవలను ఒక రీలు చిత్రముగాఁ దీసిరి. దాని దృశ్యరచన చేసినది జీన్ గాంటియర్ అను నటి. నవలాప్రకాశకులగు హార్పర్ సోదరులు వ్యాజ్యము వేసిరి. వివాదము సర్వోన్నత న్యాయస్థానమునకుఁ జేరి, 1911 నవంబరులోఁ దీర్పు వెలువడెను. తీర్పు వ్రాసిన హోమ్స్ న్యాయమూర్తి, నాటకత్వము సంభాషణమువలననే కాక చేష్టలవలనను సిద్ధించుననియు, నవలను నాటకముగా మార్చు హక్కు గ్రంథకర్తదే కావున మాటలు లేని చిత్రమును ఆ హక్కునకు భంగకరమే యనియు నిర్ణయించెను. ఆంగికమును అభినయభేదములలో మొదటఁ బేర్కొను సంప్రదాయమువారి కిందు వింత యేమియు లేదు. చిత్రకారులకు మాత్ర మిది పిడుగుపాటయ్యెను.

నవలలపై నధికారము పోయిన పిమ్మటఁ గంపెనీలకు స్వతంత్రకథలు మఱింత యవసరమయ్యెను. పత్రికలలోఁ బ్రకటనలు వెలువడెను. ఎన్నఁడును నాటకము వ్రాయనివారు సైతము దృశ్యరచనలు వ్రాసి తపాలలోఁ బంపసాగిరి. వీరికి వ్రాయు పద్ధతి నేర్పుటకు ఎపిస్ విన్‌త్రాప్ సార్జెంట్ అను విమర్శకుఁడు 'మూవింగ్ పిక్చర్ వరల్డ్' పత్రికలోఁ బాఠములు ప్రకటించెను. 1912 లో నతని లక్షణగ్రంథము వెలువడినది. ఆ లక్షణము ననుసరించి రచనకు మొదట పేరు, పిదపఁ గథాసంగ్రహము, తరువాతఁ బాత్రల పట్టిక, స్థలముల పట్టిక, తుదకు దృశ్యక్రమము నుండవలెను. స్థలములకు వేఱుగఁ బట్టిక యేల యనఁగా, ఒక గదిలో జరుగు దృశ్యములు కథలో నెంత దూరదూరముగా నున్నను, నొక్కసారియే తీయఁబడును. పట్టిక చూడఁగానే వ్యయ మెంతయగునో నిర్మాత యెఱుఁగఁగలఁడు. తెరపై వ్రాఁతగాఁ జూపు వాక్యము లెంత తక్కువయైన నంత మేలు. తిరుగు తపాలకుఁ దన చిరునామా వ్రాసి బిళ్ల లంటించిన కవరును రచయితయే జతచేయవలెను.

ఈ యంగములలోఁ గథాసంగ్రహమునకుఁ గల ప్రాధాన్యము గమనింపఁదగినది. దినమునకు గుట్టలుగా వచ్చు రచనల నన్నిఁటిని కథాపరీక్షకుఁడు సాంతముగాఁ జదువఁజాలఁడు. సంగ్రహమును జూచి, నచ్చినచో లోనికిఁ బోవును. అనఁగా రచయిత ప్రతిభ యంతయు దృశ్యక్రమమున నుండఁగా, దాని భవితవ్య మా ప్రతిభ లేని భాగముచే నిర్ణయింపఁబడుచుండెను. అపహరించుటకు మిక్కిలి సులభమైన భాగమును నదియే.

అట్లు తపాలలోఁ బోయిన రచనలలో 'ది న్యూయార్క్ హ్యాట్' ఒకటి. కాలిఫోర్నియా రాష్ట్రమున నివసించుచుండిన అనీటా లూస్ అను యువతి దానిని వ్రాసి బయోగ్రాఫ్ కంపెనీకిఁ బంపెను. వారు 25 డాలర్లిచ్చి కొనిరి. డి. డబ్ల్యు. గ్రిఫిత్ దర్శకత్వమున, మేరీ పిక్‌ఫర్డ్, లయనెల్ బారీమోర్ నటింపఁగా 1912 డిసెంబరులో నది విడుదలయ్యెను. మరణశయ్యపై నున్న తల్లి, తాను దాఁచిన కొలఁది సొమ్మును క్రైస్తవాచార్యునకు రహస్యముగా నప్పగించి, తన కూఁతునకు ముచ్చటైన వస్తువు లప్పుడప్పుడు కొనిపెట్టుమని యుత్తరము వ్రాయును. ఆ పిల్ల యంగడిలోని న్యూయార్కు టోపీని చూచి మనసుపడఁగా, ఆచార్యుఁడు దానిని కొనియిచ్చును. ఊరివా రపవాదు పుట్టింతురు; తండ్రి కోపమున టోపీని పాడుచేయును; తుదకుఁ దల్లి యుత్తరము చూపఁబడఁగా నందఱు సిగ్గుపడుదురు.

కథ చిన్నది, ఒక విధముగా సామాన్యమైనది. నేర్పంతయు వస్తువు నడుపుటయందుఁ గలదు. అంగడి కిటికీలో నున్నపుడు టోపీ కోరిక. తలపై నున్నపుడు గర్వము, చూచువారి కసూయ. తండ్రి చేతఁ జిక్కినపుడు దౌర్జన్యము. మాట యొక్కటియు లేకయే యొకే వస్తువు మూఁడర్థముల నిచ్చినది. ఉత్తరపు సంగతి ప్రేక్షకుల కెఱుక, ఊరివారి కెఱుక లేదు. ఈ భేదమే రసమునకు నిలయము. ఇట్టి కూర్పు వ్రాసినవారిదే యని చెప్పుటకు సందేహింప నక్కఱ లేదు. లూస్ వ్రాసిన కథలలోఁ జిత్రమైన మొదటిది యిదియే. పిదప నామె ప్రసిద్ధ రచయిత్రి యయ్యెను.

ఈ ద్వారము చిరకాలము తెఱచి యుండలేదు. చిత్రములు నాలుగైదు రీళ్లకుఁ బెరిఁగెను. థామస్ ఇన్స్ మొదలగు నిర్మాతలు ప్రతి దృశ్యమును ముందే సవివరముగా వ్రాయించు పద్ధతిని స్థిరపఱచి, జీతగాండ్రగు రచయితలను నియమించుకొనిరి. చట్టమును క్రొత్తవానికిఁ దోడుపడలేదు. 1912 నాఁటి సవరణము పూర్తియైన చిత్రమునకు రక్షణ మిచ్చినది గాని, ముద్రితము కాని దృశ్యరచన నమోదున కాస్కారము చూపలేదు. తమ కథను దొంగిలించిరని వ్యాజ్యములు వేయువారు పెచ్చరిల్లిరి. నిజమైన చౌర్యము లేకపోలేదు. కాని వేలకొలఁది జనులు ఒకే జీవితమును జూచి ఒకే కొలత గల కథలు వ్రాయునపుడు యాదృచ్ఛికసామ్యములు తప్పవు. తుదకుఁ గంపెనీలు కోరక వచ్చిన రచనలను విప్పకయే త్రిప్పిపంపుట యాచారమయ్యెను. ఇందువలన నష్టపడినది దొంగ కాదు. లూస్ వలె నెవ్వరి యండయు లేక దూరపు పట్టణమున వ్రాయుచుండినవారు.

భారతదేశమున నీ విషయమునఁ బ్రమాణమైన తీర్పు 1978 లో వెలువడినది. ఆర్. జి. ఆనంద్ అను రచయిత 1953 లో 'హమ్ హిందుస్తానీ' అను నాటకము వ్రాసెను. మఱుసటి సంవత్సర మది ఢిల్లీలోఁ బ్రదర్శితమయ్యెను. పంజాబీ కుటుంబమునకును మదరాసు కుటుంబమునకును నడుమఁ బ్రాంతీయాభిమాన మెట్లు వివాహమున కడ్డు తగులునో యందు వర్ణితము. 1956 లో వచ్చిన 'న్యూఢిల్లీ' చిత్రము తన నాటకమున కనుకరణమని యాతఁడు వ్యాజ్యమాడెను. భావమునకు, ఇతివృత్తమునకు, చారిత్రక పౌరాణికాంశములకు స్వామ్యము లేదనియు, భావమును వెలయించిన రూపమునకే స్వామ్యము కలదనియు, రెండిఁటిని చూచిన సామాన్యునకు రెండవది మొదటిదాని ప్రతియే యని నిశ్చయముగాఁ దోఁచినప్పుడే చౌర్యమనియు సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. చిత్రమునఁ గట్నపు దురాచారము మొదలగు నన్యవిషయములును బ్రధానములై యుండుటచే వాది యోడిపోయెను.

ఈ విభాగము మన యాలంకారికులకుఁ దెలియనిది కాదు. ఆనందవర్ధనుఁడు కవుల రచనలయందలి సంవాదమును బ్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి అని మూఁడు తెఱఁగులుగా విభజించి, మొదటి రెండు త్యాజ్యములనియు, వేఱు ప్రాణము గల మూఁడవది గ్రాహ్యమనియు నిరూపించెను. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో శబ్దహరణార్థహరణములను సవిస్తరముగాఁ జర్చించి పరపురప్రవేశమను నాలవ దానిని జేర్చెను. న్యాయమూర్తులు చెప్పినది యించుమించుగ నిదియే. 'న్యూఢిల్లీ' తుల్యదేహి కోటిలోనిదని చెప్పవచ్చును. అయితే ప్రాచీనులు విచారించినది ప్రధానముగాఁ గవియశస్సును, న్యాయస్థానము విచారించినది సొత్తును.

లఘురచన విషయమున నొక చిక్కు మిగిలి యున్నది. విస్తృతమైన కావ్యమునఁ గథ కొంచెము, కూర్పు విశేషము. పారిజాతాపహరణకథ హరివంశమున నున్నంత మాత్రమున నంది తిమ్మన కావ్యమున కేమియుఁ గొఱఁత లేదు. పదినిమిషముల చిత్రానువాదమునందో, కథయు కూర్పును దాదాపు నొకటియే. టోపీకథను నాలుగు వాక్యములలోఁ జెప్పినచో సగము రచన చెప్పినట్లే. రచన యెంత చిన్నదియైన, చట్టము రక్షించు భాగ మంత తఱిఁగిపోవును. కావున లఘురచయితకు సంగ్రహమును మాత్రమే చూపుట యన్నిఁటికంటె నపాయకరము. దృశ్యక్రమమును బూర్తిగా వ్రాసి చూపుటయే మేలు. గోప్యతవలనఁ జౌర్యము తప్పవచ్చును గాని, పఠనమును తప్పును.

తీయఁబడని రచనలను పలువురు చదువుటవలనఁ గలుగు ఫలమునకు నిదర్శనము 2005 లో హాలీవుడ్డునఁ గనఁబడినది. నిర్మాణసంస్థలోఁ బనిచేయుచుండిన ఫ్రాంక్లిన్ లెనార్డ్, ఆ యేఁడు తాము చదివి మెచ్చినను జిత్రములు కాని రచన లేవియని తనవంటి యుద్యోగుల నడిగి 'బ్లాక్ లిస్ట్' అను పట్టిక కూర్చెను. అందుఁ బేర్కొనఁబడిన 'జూనో' 2007 లోఁ జిత్రమై, దానిని వ్రాసిన డయాబ్లో కోడీకి స్వతంత్రరచనకుఁ గల ఆస్కార్ బహుమానము తెచ్చెను.

తెలుఁగున నేకాంకికల చరిత్రమును దీనితోఁ బోల్చి చూడవచ్చును. 1924 లోఁ బ్రారంభమైన భారతి వంటి పత్రికలలో ముద్రితమైన యేకాంకికను ఏ యూరి సమాజమైనను జదివి యాడుకొనఁగలిగెను. కర్తృనామ మచ్చులోనే యుండెను. బుచ్చిబాబు నాటకమును, దేవన్ షరార్ రచించి ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో ముద్రితమైన యాంగ్ల కథయు బి. ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' (1951) చిత్రమునకుఁ బ్రేరకములయ్యెను. చిత్రానువాదములు తెలుఁగున నచ్చుపడినవి కొన్ని కలవు గాని, యవి యధికముగఁ బేరుపొందిన చిత్రములవి, చిత్రము తరువాత వచ్చినవి. క్రొత్తవారి లఘురచనలను జిత్రమునకు ముందే, దృశ్యక్రమముతోఁ గూడ, సాహిత్యపత్రికలు ముద్రించుట కడ్డమేదియు లేదు. 1957 నాఁటి భారత గ్రంథస్వామ్య చట్టము ననుసరించి రచనకు స్వామ్యము వ్రాసినది మొదలే సంక్రమించును, నమోదు ఐచ్ఛికము. వివాదము వచ్చినపుడు ముందెవ్వరు వ్రాసిరను ప్రశ్నకుఁ దేదీతోఁ గూడిన పత్రికాసంచిక సాక్ష్యముగాఁ జూపఁదగును.